మంచి వెబ్‌సైట్‌కు ఎర్రతెర ఎందుకు పడుతుంది?

పుట్టపాకలో మా మేనమామ ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. 2020లో ఆ ఊరి చేనేత అయిన తేలియా రుమాల్‌కు భౌగోళిక గుర్తింపు దక్కాక ఎక్కడెక్కడి నుంచో అడిగేవారు పెరిగారు. మధ్యవర్తికి పోయే వాటా మిగుల్చుకుని నేరుగా అమ్ముకుందామని ఆయన ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టుకున్నారు. పది పన్నెండు చీరల ఫొటోలు, ధరలు, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్, ఒక ఫోన్ నంబరు. అందులో ఉన్నది అంతే. దాని బాగోగులు నల్లగొండలో ఉండే నేను చూస్తుంటాను.

మాఘమాసపు పెళ్లిళ్లకు ముందు ఒక ఉదయం హైదరాబాద్ నుంచి ఎవరో ఆయనకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. తెర నిండా ఎరుపు. ఇది ప్రమాదకరమైన సైట్, మీ పాస్‌వర్డులూ కార్డు వివరాలూ దొంగిలించే అవకాశం ఉంది అన్న హెచ్చరిక. దాని పక్కనే మా మామ సైట్ పేరు. సాయంత్రానికి మరో ముగ్గురు అలాంటి ఫొటోలే పంపారు. ఒకరు మాత్రం ఫొటో పంపలేదు, ముందురోజు చెప్పిన చీర వద్దని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. మామ ఫోన్ చేశారు. "అల్లుడా, మనం ఎవరి సొమ్మైనా తిన్నామా? మన దుకాణం మీద ఈ రాత రాసింది ఎవరు?"

ఆయన ప్రశ్నకు సరైన జవాబు వెతకడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఇలాంటి ప్రశ్న గద్వాలలోనో నారాయణపేటలోనో మగ్గం మీద కూర్చున్న ఇంకెవరికైనా రేపు ఎదురు కావచ్చు. అందుకే తెలుసుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను.

మొదట ఒక చిక్కుముడి విప్పాలి. బ్రౌజర్ చూపించే హెచ్చరికలన్నీ ఒక్కటి కావు. అడ్రసు పట్టీలో సైట్ పేరు పక్కన 'సురక్షితం కాదు' అని చిన్న అక్షరాలు కనిపిస్తే, ఆ సైట్‌కూ మీ ఫోనుకూ మధ్య వెళ్లే సమాచారానికి తాళం లేదని అర్థం. తాళం లేని ప్రతి సైట్‌కూ క్రోమ్ ఈ ముద్ర వేయడం 2018 జులైలో మొదలైంది. సైట్ యజమాని దొంగ అని అది చెప్పడం లేదు. రెండోది, 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటూ పేజీ మొత్తం ఆగిపోవడం. సైట్ తానెవరో నిరూపించుకునే డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరినా, అది వేరే పేరు మీద ఉన్నా ఇలా జరుగుతుంది. చూసేవారి కంప్యూటర్‌లో తేదీ తప్పుగా ఉన్నా సరే ఇదే హెచ్చరిక వస్తుంది. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి వెళ్లిపోయిన పాత కంప్యూటర్లలో ఏ సైట్ తెరిచినా ఇదే గోల. తేదీ సరిచేస్తే తీరిపోతుంది. ఇప్పుడు ఎక్కువ మంది వాడే ఉచిత సర్టిఫికెట్ల గడువు 90 రోజులే. 2029 మార్చి నాటికి ఏ సర్టిఫికెట్‌కూ 47 రోజులకు మించి గడువు ఉండకూడదని పరిశ్రమ ఇప్పటికే నిర్ణయించుకుంది. సర్టిఫికెట్ తనంతట తానే కొత్తదయ్యే ఏర్పాటు లేని చిన్న సైట్లకు ఈ చిక్కు ముందు ముందు పెరుగుతుంది.

మూడోది మా మామకు పడిన ఎర్రతెర. దీని సంగతే వేరు. ఇక్కడ తాళమూ సర్టిఫికెట్టూ అన్నీ సరిగ్గానే ఉంటాయి. మీ పేరు ఒక జాబితాలోకి ఎక్కింది, అదే కారణం.

ఆ జాబితాలలో అన్నింటికంటే పెద్దది గూగుల్ నడిపే సేఫ్ బ్రౌజింగ్. 2005 ప్రాంతంలో ఫైర్‌ఫాక్స్‌కు ఒక చేర్పుగా పుట్టింది. ఈనాడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ దాన్నే ఆధారం చేసుకుంటాయి. 500 కోట్లకు పైగా పరికరాలకు ఇది కాపలా కాస్తోందని గూగుల్ చెబుతుంది. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ మాత్రం స్మార్ట్‌స్క్రీన్ అనే తన సొంత వడపోతను వాడుతుంది. అందుకే క్రోమ్‌లో ఎర్రగా కనిపించిన సైట్ ఎడ్జ్‌లో మామూలుగా తెరుచుకోవచ్చు. ఏ జాబితా మిమ్మల్ని పట్టుకుందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

మనం చూసే ప్రతి అడ్రసునూ బ్రౌజర్ గూగుల్‌కు పంపి అడుగుతుందని చాలామంది అనుకుంటారు. ఈ పద్ధతి రూపొందించినవారు అలా చేయలేదు. చెడ్డ అడ్రసులు ఒక్కొక్కదాని నుంచి లెక్క ప్రకారం ఒక పొడవైన సంకేతాన్ని తయారుచేసి, దాని మొదటి ముక్కను మాత్రమే మీ ఫోనులో దాచిపెడతారు. మీరు తెరవబోయే అడ్రసు సంకేతం ఆ ముక్కతో కలవకపోతే వ్యవహారం అక్కడే ముగుస్తుంది. కలిస్తే, పూర్తి సంకేతాలు తెప్పించుకుని మళ్లీ పోల్చి, అప్పటికీ సరిపోతేనే తెర ఎర్రబడుతుంది. రెండు వేర్వేరు సైట్ల తొలి ముక్కలు యాదృచ్ఛికంగా ఒకటైనంత మాత్రాన అమాయకుడికి శిక్ష పడదు. ఫోనులోని ఈ జాబితా అరగంటకో గంటకో కొత్తదయ్యేది. మోసపు సైట్లు సగటున పది నిమిషాల లోపే పుట్టి గిట్టిపోతున్నాయని 2024 మార్చిలో గూగుల్ ప్రకటించి, చూసేవారు ఎవరో తనకు తెలియకుండా మధ్యలో మరో సంస్థ సర్వరును ఉంచి, అప్పటికప్పుడు సరిచూసే పద్ధతిని క్రోమ్‌లోకి తెచ్చింది.

ఈ పది నిమిషాల లెక్కను గుర్తుంచుకోండి. దొంగ పది నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోతుంటే, తీర్పు కూడా నిమిషాల్లో రావాలి. మనుషులు కూర్చుని ఒక్కో పేజీని చదివి తేల్చే వ్యవధి లేదు. యంత్రమే చూసి యంత్రమే నిర్ణయించాలి.

యంత్రం ఏం చూస్తుంది? దీనిపై గూగుల్ ఇంజనీర్లు 2010లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అడ్రసు ఎలా ఉంది, పేజీలో పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఉందా, బొమ్మలూ లింకులూ ఇంకొకరి సైట్ నుంచి తెచ్చుకున్నవా, ఆ సైట్‌కు లోకంలో ఎంత పేరుంది అనేవన్నీ కలిపి బేరీజు వేస్తారు. మంచి పేజీని చెడ్డదిగా పొరబడే రేటు వెయ్యింట ఒకటి కంటే తక్కువని వారు అందులో చెప్పారు. వినడానికి గొప్ప లెక్కే, నిజంగానూ గొప్పదే. కాని ఆ వ్యవస్థ పరిశీలించేది రోజుకు లక్షల్లో పేజీలను. పది లక్షల మంచి పేజీలను చూస్తే, వెయ్యింట ఒకటి చొప్పున కూడా వెయ్యి పేజీలు అన్యాయంగా చిక్కుకుంటాయి. వాటిలో పెద్ద బ్యాంకు సైట్ ఉండదు. దానికి లోకంలో పేరుంది, లక్షల మంది దానికి లింకులు ఇచ్చారు. యంత్రం కంటికి అనుమానంగా తోచేది నిన్న మొన్న పుట్టిన డొమైన్ (అంటే సైట్ పేరు), ఎవరూ లింకు ఇవ్వని చిన్న దుకాణం, చెల్లింపు సంస్థల గుర్తులు వరుసగా అతికించుకున్న పేజీ. ఇవే కొత్తగా మొదలుపెట్టిన చేనేత కుటుంబం వెబ్‌సైట్ లక్షణాలు కూడా. ఈ పొరపాట్లు అందరి మీదా సమానంగా పడవు. పేరు లేనివాడి మీదే ఎక్కువగా పడతాయి. నన్ను బాధించేది ఇదే.

జాబితా రాసేది యంత్రమే అయినా దాని వెనక మనిషి చేయి కూడా ఉంటుంది. 2009 జనవరి 31, శనివారం. మన దేశంలో రాత్రి ఎనిమిది గంటల వేళ గూగుల్‌లో ఏది వెతికినా, వచ్చిన ప్రతి ఫలితం కిందా ఈ సైట్ మీ కంప్యూటర్‌కు హాని చేయవచ్చు అన్న మాటే కనిపించింది. గూగుల్ సొంత పేజీలకు సైతం అదే ముద్ర. చెడ్డ సైట్ల జాబితాలో ఎవరో పొరపాటున ఒక ఏటవాలు గీతను (/) ఒంటరిగా చేర్చారు. ఆ గీత లేని వెబ్ అడ్రసు ఉండదు కాబట్టి ప్రపంచంలోని సైట్లన్నీ చెడ్డవైపోయాయి. ఒక్కొక్కరికీ సుమారు 40 నిమిషాలు ఇలా సాగింది. అది మానవ తప్పిదమని ఆ సంస్థ అప్పటి ఉపాధ్యక్షురాలు మారిస్సా మేయర్ బాహాటంగా ఒప్పుకున్నారు. లోకమంతా ఒకేసారి చిక్కుకుంది కాబట్టి 40 నిమిషాల్లో దిద్దుబాటు జరిగింది. ఒక్కడే చిక్కుకుంటే అంత వేగం ఉండదు.

ఆ గీత కథలోనే మరో కీలకం ఉంది. జాబితాలో ఒక్క పేజీని చేర్చవచ్చు, ఒక విభాగాన్ని చేర్చవచ్చు, మొత్తం డొమైన్‌నూ చేర్చవచ్చు. మన దగ్గర భూముల వ్యవహారం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక సర్వే నంబరులో ముప్పై ఎకరాలుంటే, అందులో రెండెకరాలు కాలువ కిందకు పోయాయనో ప్రభుత్వ భూమి అనో మొత్తం నంబరునే 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో పెట్టారు. మిగిలిన 28 ఎకరాల పట్టాదారులు కూతురి పెళ్లికి అర ఎకరం అమ్ముకోలేక కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. డొమైన్ మీద పడే ముద్ర కూడా అచ్చం ఇలాంటిదే. ఏదో మూల ఒక ఉపవిభాగంలో ఒక్క పేజీ అనుమానాస్పదంగా ఉంటే, ఆ డొమైన్ కింద ఉన్నవన్నీ ఎర్రబడవచ్చు. ఒకే డొమైన్ కింద వేలమందికి స్థలం ఇచ్చే సంస్థల విషయంలో ఇది మరీ అన్యాయం అవుతుంది కాబట్టి, ఏ పేర్ల కింద ఉన్నవాళ్లను వేర్వేరు యజమానులుగా చూడాలో చెప్పే ఉమ్మడి జాబితా ఒకటుంది. మొజిల్లా మొదలుపెట్టిన ఆ పబ్లిక్ సఫిక్స్ లిస్టులో బ్లాగ్‌స్పాట్, గిట్‌హబ్ పేజీల వంటివి ఉన్నాయి. ఉపవిభజన చేసి బై నంబర్లు వేసినట్టు అన్నమాట. మీకు చవకగా స్థలం ఇచ్చిన చిన్న సంస్థ తన పేరును అందులో చేర్పించకపోతే, పక్కింటి దొంగతనానికి మీ ఇంటి మీదా ముద్ర పడే ప్రమాదం ఉంది.

మా మామ సైట్‌లో దొరికింది కూడా ఇలాంటి మూల గదే. నాకంటే ముందు ఆ సైట్ తయారుచేసిన వ్యక్తి, ప్రయోగం కోసమని అదే డొమైన్ కింద ఇంకో నకలు పెట్టి, తీసేయడం మరిచిపోయాడు. అందులో ఒక చెల్లింపు సంస్థ లాగిన్ పేజీని యథాతథంగా పోలిన పేజీ ఉంది. బొమ్మలు ఆ సంస్థవే, పాస్‌వర్డ్ పెట్టె ఉంది, చిరునామా మాత్రం చీరల దుకాణానిది. దాని ద్వారా ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. కాని దాన్ని నాకు చూపించి, ఎవరిదో చెప్పకుండా అడిగి ఉంటే, నేనూ మోసపు పేజీ అనే చెప్పేవాణ్ని. వడపోత చూడగలిగేది రూపాన్నే, ఉద్దేశాన్ని కాదు.

ఇక్కడ సైట్ యజమానులకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. "మాది మంచి సైట్, అన్యాయంగా పట్టుకున్నారు" అని వచ్చేవారిలో చాలామంది సైట్ నిజంగానే చెడి ఉంటుంది, వారికి తెలియదు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్‌లో, ఏళ్ల తరబడి కొత్తది చేయని ప్లగిన్ (అదనపు చేర్పు) గుండా ఎవరో లోపలికి వచ్చి నాలుగు వరుసల కోడ్ పెట్టి వెళ్తారు. ఆ కోడ్ తెలివైనది. అడ్రసు నేరుగా టైపు చేసి వచ్చే యజమానికి మామూలు పేజీనే చూపిస్తుంది. గూగుల్‌లో వెతికి ఫోను ద్వారా వచ్చినవారిని మాత్రం జూదం సైట్‌కో నకిలీ యాప్ దగ్గరకో తోసేస్తుంది. అందుకే ముందు సొంత ఇల్లు వెతకాలి. ఇంకో ఫోను తీసుకుని, మొబైల్ డేటా మీద, వెతుకులాట ఫలితాల్లోంచి మీ సైట్ తెరిచి చూడండి. సర్వరులో మీరు పెట్టని ఫైళ్లు ఉన్నాయేమో, మీకు తెలియని అడ్మిన్ ఖాతా ఉందేమో చూడండి. డొమైన్ పాతది కొనుక్కున్నదైతే, అమ్మినవాడి పాపం కూడా వెంట వచ్చి ఉండవచ్చు.

ఇదే కథ డౌన్‌లోడ్‌ల విషయంలో మరో రూపంలో ఉంటుంది. మిర్యాలగూడలో రైసు మిల్లుల లెక్కల కోసం ఎవరైనా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చారనుకోండి. మిల్లులో దాన్ని తెరవబోతే విండోస్ నీలి తెర చూపి ఆపేస్తుంది. అందులో వైరస్ దొరికిందని కాదు, ఆ ఫైలును ఇంతవరకు తగినంత మంది వాడలేదని. స్మార్ట్‌స్క్రీన్ పరపతిని చూస్తుంది. తయారీదారు సంతకం లేని కొత్త ఫైలు, ఊళ్లో ఎవరికీ తెలియని కొత్త మనిషి లాంటిది. డబ్బు పెట్టి సంతకపు సర్టిఫికెట్ కొనుక్కోగలిగినవారికి ఆ పరపతి కొంత త్వరగా వస్తుంది.

ఇంతకీ చిక్కుకున్నవారు ఏం చేయాలి? గూగుల్ పారదర్శకత నివేదికలో ఏ సైట్ స్థితినైనా ఎవరైనా చూసుకోవచ్చు, అక్కడ మొదలుపెట్టండి. తర్వాత సైట్ యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో సైట్ మీదేనని నిరూపించుకుంటే, భద్రతా సమస్యల పేజీలో ఆరోపణ ఏ రకమో కనిపిస్తుంది. నమూనాగా కొన్ని అడ్రసులు ఇస్తారు, కొన్నిసార్లు అవీ ఉండవు. దోషం సరిచేశాకే పునఃపరిశీలన కోరాలి. ఆ విన్నపంలో మూడు ముక్కలు సూటిగా రాయాలి: ఏం కనబడింది, ఏం తీసేశారు, మళ్లీ జరగకుండా ఏం చేశారు. కోపం అక్కడ పనికిరాదు. ఫిషింగ్ (నకిలీ పేజీతో వివరాలు దొంగిలించడం) ఆరోపణపై పరిశీలనకు సుమారు ఒక రోజు, మాల్‌వేర్‌కు (హానికర సాఫ్ట్‌వేర్) కొన్ని రోజులు, సైట్‌లోకి చొరబడి ఎవరో చెత్త పేజీలు నింపిన సందర్భంలో కొన్ని వారాలు పట్టవచ్చని గూగుల్ చెబుతుంది. శుభ్రం చేసినట్టు నటించి పదేపదే మళ్లీ చెడగొట్టే సైట్లు 30 రోజుల పాటు పరిశీలన కోరే వీలు లేకుండా 2016 నవంబరులో ఒక నిబంధన వచ్చింది, కాబట్టి తొందరపడి సగం పనితో విన్నపం పంపకండి. నిజంగా ఏమీ దొరకకపోతే, తప్పుడు హెచ్చరిక అని తెలియజేసే ఫారం వేరే ఉంది, అది వాడండి.

అక్కడితో అయిపోదు. యాంటీవైరస్ కంపెనీల జాబితాలు ఒకదాని నుంచి ఒకటి నకళ్లు తీసుకుంటాయి. గూగుల్ తీసేసినా మరొకరి దగ్గర పేరు ఉండిపోతుంది. వైరస్‌టోటల్‌లో సైట్ అడ్రసు ఇస్తే పదుల కొద్దీ సంస్థలు ఏమంటున్నాయో ఒకేచోట కనిపిస్తుంది. అందులో చెడ్డదన్న ఒక్కొక్కరికీ విడివిడిగా రాయాలి. వారిలో కొందరు జవాబే ఇవ్వరు. విసుగెత్తి కొత్త డొమైన్ కొనేయాలనిపిస్తుంది. కొనకండి. మోసగాళ్లు చేసేది సరిగ్గా అదే. పైగా కొత్త పేరుకు పరపతి సున్నా నుంచి మొదలవుతుంది.

మరొక్క పని చేయకండి. "పర్వాలేదు, కింద వివరాలు నొక్కి లోపలికి రండి" అని కొనుగోలుదారులకు చెప్పకండి. మా మామకు ఒక స్నేహితుడు ఈ సలహానే ఇచ్చాడు. మీ సైట్ మంచిదే కావచ్చు, కాని ఆ నొక్కుడు అలవాటైన మనిషి రేపు దొంగ సైట్ దగ్గరా అలాగే నొక్కుతారు. ట్రాఫిక్ చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఫైలును నొక్కి డబ్బు పోగొట్టుకున్నవారు మన పల్లెల్లోనూ ఉన్నారు. అలా పోయినప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఆ జనానికి అడ్డుగా నిలబడిన గోడల్లో ఈ ఎర్రతెర ఒకటి. నేను దాన్ని తీసేయమనడం లేదు.

నేను అడిగేది వేరు. ముద్ర వేసే ముందు నోటీసు ఇవ్వడానికి సమయం లేదంటే ఒప్పుకుంటాను, పది నిమిషాల లెక్క నాకూ అర్థమైంది. కాని ముద్ర వేశాక ఏ పేజీ వల్ల వేశారో చెప్పడానికి అడ్డేమిటి? అన్ని వివరాలూ చెబితే దొంగలు తప్పించుకునే దారి నేర్చుకుంటారన్నది సంస్థల వాదన. అందులో నిజం ఉంది. అయినా ఏళ్ల తరబడి ఒకే చోట ఉండి, ఫోన్ నంబరుతో, ఊరి పేరుతో నడుస్తున్న దుకాణానికి, నిన్న రాత్రి పుట్టిన డొమైన్‌కు ఇచ్చే జవాబే ఇవ్వడం సరికాదు. జాబితా నడిపేవారు ఎక్కడో ఉంటారు, వారికి ఫోన్ నంబరు ఉండదు, విన్నపాలు చదివేదెవరో తెలియదు, నష్టానికి పూచీ ఎవరిదీ కాదు. 22ఏ బాధితుడికి కనీసం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ పెట్టుకోవడానికి ఒక సోమవారం ఉంది.

ఆ ప్రయోగపు నకలును తీసేసి, పాస్‌వర్డులు మార్చి, విన్నపం పంపిన మర్నాడు రాత్రి ఎర్రతెర తొలగింది. ఎలా వచ్చిందో అలాగే పోయింది. క్షమాపణ లేదు, మీరు నిర్దోషులన్న మాట లేదు. హెచ్చరిక ఫొటోలు పంపిన నలుగురికీ మామ స్వయంగా ఫోన్ చేసి జరిగింది చెప్పారు. ముగ్గురు మళ్లీ సైట్ తెరిచారు. చీర వద్దన్న ఆ మనిషికి మామ రాసిన సందేశం కింద రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.